కంప్రెసర్ గాలికి చెవి పోయింది, "నువ్వే కొట్టమన్నావ్ కదా" అంటున్నాడు. సివిల్ కేసు నిలుస్తుందా?

సార్టెక్స్ తమ్ముడు, మిర్యాలగూడ:

అన్నలూ, పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో ఆరేళ్ళుగా సార్టెక్స్ మిషన్ మీద పని చేస్తున్నా. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, బియ్యంలో నల్ల గింజ, రంగు మారిన గింజ కనబడితే గాలి కొట్టి పక్కకు ఎగరగొట్టే మిషన్ అది. దానికి ఇరవై నాలుగు గంటలూ కంప్రెసర్ గాలి కావాలి, అందుకని మా సెక్షన్‌లో ఎయిర్ గన్ పైపు ఎప్పుడూ చేతికందేంత దూరంలో వేలాడుతుంటుంది. షిఫ్టు దిగే టైముకు ఒళ్ళంతా తౌడు. ఒకరి వీపు మీద ఒకరం గాలి కొట్టుకుని దులుపుకుని ఇంటికి పోతాం. ఒంటి మీద గాలి కొట్టుకోవద్దని గోడకు బోర్డు ఉంది, ఆ బోర్డు మీద కూడా తౌడే.

2025 మార్చిలో నైట్ షిఫ్టు దిగుతూ నా తోటి ఆపరేటర్‌తో "వీపు మీద కొట్టురా" అని నేనే అన్నా. వీపు అయింది, భుజాలు అయినయి. నేను వంగి చెప్పులేసుకుంటుంటే నాజిల్ తెచ్చి నా ఎడమ చెవికి ఆనించి నొక్కిండు. వాడికి నవ్వు. నాకు చెవిలో పటాకు పేలినట్టయింది, ఆ తర్వాత ఒకటే ఈల. కళ్ళు తిరిగి బస్తాల మీద కూలబడ్డా.

దాచేదేం లేదు, మేమందరం మజాక్ చేసుకునేవాళ్ళమే. నేను కూడా ఒకసారి వాడి కాలర్‌లోకి గాలి వదిలిన. కానీ చెవి జోలికి ఎవరూ పోలేదు. పైగా అంతకుముందు ఒకరోజు వాడు గన్ నా తల దగ్గరకు తెస్తే "చెవి దగ్గర వద్దురా, చిన్నప్పుడు చీము కారేది నాకు" అని చెప్పిన. వాడి వేషాల గురించి గుమాస్తాకు రెండుసార్లు చెప్పిన, "పోరగాండ్లు అన్నంక ఉంటదిలే" అన్నడు.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులు. గుమాస్తా "మిల్లు పేరు తీయకు, స్నానం చేస్తుంటే నీళ్ళు పోయినయని చెప్పు, ఖర్చు సేటు చూసుకుంటడు" అంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర అదే చెప్పిన. చిట్టీ మీద ఆయన "చెవిలో నీళ్ళు, నొప్పి" అని రాసిండు. ఇంటికొస్తే నానమ్మ వెల్లుల్లి కాచిన నూనె రెండు రోజులు పోసింది. నాలుగో రోజు నెత్తురు కలిసిన చీము వచ్చింది, అప్పుడు నల్లగొండ పోతే ఈఎన్‌టీ డాక్టర్ కర్ణభేరికి రంధ్రం పడిందన్నడు. 18 రోజులు పనికి పోలేదు. ఇప్పటిదాకా 38 వేలు అయినయి, మిల్లువాళ్ళు 5 వేలు ఇచ్చి మళ్ళీ మాట్లాడలేదు. ఎడమ వైపు ఇప్పటికీ సరిగ్గా వినబడదు. ఫోన్ కుడి చెవికే పెట్టుకుంటున్నా.

వాడు పని మానేసి అచ్చంపేట వైపు వాళ్ళ ఊరికి పోయిండు. ఫోన్ చేస్తే మూడే మాటలు: నువ్వే కొట్టమన్నావ్, మనం రోజూ ఆడుకునేదే, నీ చెవి ముందే పాడైంది. వాడికి చిన్న పిల్ల ఉంది, జైలుకు పంపాలని నాకు లేదు. నా డబ్బులు నాకు కావాలి. పోలీస్ కేసు లేకుండా సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగొచ్చా? కొట్టమన్నది నేనే కాబట్టి ఓడిపోతానా?

లారీ అడ్డా:

నిజం చెప్తే కోపం రావద్దు తమ్మీ. నువ్వూ గాలి కొట్టినవ్, వాడూ కొట్టిండు. నువ్వు కొట్టినప్పుడు మజాక్, వాడు కొడితే కేసు అంటే జడ్జి ఒప్పుకుంటడా? మా హమాలీల్లో బస్తా మీద బస్తా విసిరి ఆడుకుంటరు, ఒకని కాలు విరిగింది, ఎవడూ కోర్టుకు పోలే. పైగా నీ మొదటి చిట్టీలోనే నీళ్ళు పోయినయని ఉంది. అవతలి వకీలు ఆ ఒక్క కాగితం పట్టుకుంటే చాలు నీ పని ఖతం. పెద్దమనుషుల్లో కూర్చుని ఓ పదిహేను ఇరవై వేలకు తెంపుకో.

పాలమూరు వకీలు:

లారీ అడ్డా గారు చెప్పిన దాంట్లో చిట్టీ విషయం నిజం, మిగతాది కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల కోర్టుల్లో సివిల్ పనే చేస్తాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, కానీ మీ కాగితాలు చూడకుండా గ్యారంటీ మాట ఎవరు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే.

ముందు మీరడిగింది. పోలీస్ కేసు లేకుండా సివిల్ దావా వేయొచ్చు. దీన్ని బ్యాటరీ అంటారు, అంటే అవతలి మనిషి ఒంటి మీద అనుమతి లేకుండా కావాలని బలం వాడటం. మన దగ్గర దీనికి సెక్షన్ అంటూ రాసిన చట్టం లేదు, ఇంగ్లండు నుంచి వచ్చిన తీర్పుల సంప్రదాయం మీదే కోర్టులు నడుస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. చెవి పగలగొట్టాలని వాడు అనుకోవాల్సిన పని లేదు. గాలి కొట్టాలని అనుకుని కొట్టాడా, అంతే. పొరపాటున ట్రిగ్గర్ నొక్కుకుపోయిందంటే అది వేరు, అప్పుడు నిర్లక్ష్యం కిందికి వస్తుంది. అందుకే దావాలో రెండూ రాయాలి: బ్యాటరీ, అది కాకపోతే నిర్లక్ష్యం.

ఇక అనుమతి. "కొట్టు" అన్న మాట మొత్తం ఒంటికి ఇచ్చిన పట్టా కాదు. వీపు మీద దుమ్ము దులపడానికి ఒప్పుకున్నారు, అది కూడా మామూలుగా కొట్టుకునే దూరం నుంచి. చెవికి ఆనించి నొక్కడం దాంట్లోకి రాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ల విషయంలో ఇదే చెప్పింది. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతితో గర్భసంచి తీసేస్తే, రోగి మంచికే చేశానన్నా అది అనుమతి లేని పనే అంది. అంత చదువుకున్న డాక్టరుకే ఆ హద్దు ఉంటే ఎయిర్ గన్ పట్టుకున్నవాడికి ఉండదా.

కానీ అవతలి వకీలు ఊరుకోడు. ఆయన చేతిలో ఉండే మంచి కేసు 2004 నాటి ఇంగ్లండు తీర్పు, బ్లేక్ వర్సెస్ గాలోవే. కుర్రాళ్ళు చెట్టు బెరడు ముక్కలు, పుల్లలు ఒకరి మీద ఒకరు విసురుకుని ఆడుతుంటే ఒకడి కంటికి తగిలింది, వాడు కేసు వేసి ఓడిపోయాడు. ఎందుకంటే వాడూ విసిరాడు, తగిలిన ముక్క కూడా ఆ ఆటకు ఉన్న మామూలు పద్ధతిలోనే వచ్చింది. మీరు కాలర్‌లోకి గాలి వదిలిన సంగతి బయటికి వస్తే దీన్నే చదివి వినిపిస్తాడు. దాన్ని దాచాలని చూడకండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎలాగూ వస్తుంది. మీ జవాబు ఏమిటంటే, మా ఆటలో చెవి లేదు, చెవి వద్దని ముందే నోటితో చెప్పాను. మొత్తం కేసు ఆ "చెవి దగ్గర వద్దురా" అన్న మాట మీద నిలబడుతుంది. అప్పుడు పక్కన ఎవరున్నారు? ఆ పేరు ఇక్కడ పెట్టకండి, ఇంట్లో రాసి పెట్టుకోండి.

"నవ్వులాటకే చేశాడు, పగ లేదు" అన్న వాదన కూడా వస్తుంది. 1986లో విల్సన్ వర్సెస్ ప్రింగిల్ అని బడిపిల్లల కేసులో, తాకడంలో వైరభావం ఉండాలని అక్కడి కోర్టు అంది. కొన్నేళ్ళకే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ గాఫ్ దానితో విభేదించాడు, హద్దు దాటిన పరాచికం, స్నేహంగా వీపు మీద మరీ గట్టిగా చరచడం కూడా తప్పే కావచ్చు అన్నాడు. నాకైతే ఆ మాటే సబబు. మన ఊళ్ళలో నవ్వుతూ చేసే పనులకు తగిలిన దెబ్బలు తక్కువేం కాదు.

"నీ చెవి ముందే పాడైంది" అన్నదానికి భయపడకండి. అమెరికాలో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 1891లో వోస్‌బర్గ్ వర్సెస్ పుట్నీ అని తేల్చింది. క్లాసులో ఒక పిల్లవాడు ఇంకొకడి కాలిని మెల్లగా తన్నాడు. ఆ కాలికి అంతకుముందే దెబ్బ ఉంది, చివరికి కాలు పనికిరాకుండా పోయింది. ఇంత అవుతుందని నాకేం తెలుసు అంటే కుదరదంది. మనిషి ఎలా ఉన్నాడో అలాగే తీసుకోవాలి. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. మీ చెవి వినికిడి ఈ దెబ్బ లేకపోయినా కొన్నాళ్ళకు ఎంతవరకు తగ్గిపోయేదో వాళ్ళు డాక్టరుతో చెప్పించగలిగితే అంతమేరకు డబ్బు తగ్గుతుంది. బాధ్యత పోదు, లెక్క మారుతుంది.

నూనె సంగతి నాకు అంతకంటే ఎక్కువ టెన్షన్. రంధ్రం గాలితో పడిందా, వినికిడి తగ్గింది చీముతోనా, చీము వచ్చింది నూనెతోనా అని గొలుసులో లంకెలు విడదీస్తారు. చెవి నొప్పికి ఇంట్లో నూనె పోయడం మన దగ్గర ఎవరైనా ఊహించే పనే కాబట్టి గొలుసు అక్కడ తెగిపోదని వాదించవచ్చు. కానీ దానికి డాక్టర్ మాట కావాలి, నా మాట చాలదు.

గడువు మామూలుగా మూడేళ్ళు, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 113. ఘటన మిర్యాలగూడలో కాబట్టి అక్కడే వేయొచ్చు, అచ్చంపేటకు పోవాల్సిన పని లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తుంది.

ఒకటి అడుగుతున్నా, దీని జవాబు మీదే చాలా ఉంది. మీ జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుందా?

చెవి ముక్కు గొంతు, నల్లగొండ:

నేను ఈఎన్‌టీ చేస్తాను, పై వకీలు గారు అడిగిన దాని గురించి మాత్రమే రాస్తున్నా.

మిల్లు కంప్రెసర్ మామూలుగా 7, 8 బార్ల గాలి ఒత్తిడి దగ్గర నడుస్తుంది. కర్ణభేరి చిరగడానికి బార్‌లో మూడో వంతు ఒత్తిడి కూడా చాలు. నాజిల్‌ను చెవికి ఆనిస్తే గాలికి బయటికి పోయే దారి తగ్గిపోతుంది కదా, అందుకే రెండడుగుల దూరం నుంచి వీపు మీద కొట్టడానికీ దీనికీ పోలికే లేదు. వీపు మీద కొట్టుకోవడం కూడా మానేయండి, బట్ట మీది దుమ్ము కళ్ళలోకి పోతుంది.

కొత్తగా చిరిగిన పొరకూ పాత రంధ్రానికీ తేడా కనబడుతుంది. కొత్తదాని అంచులు చింపిన కాగితంలా ఎగుడుదిగుడుగా, నెత్తురు చారికతో ఉంటాయి. చిన్నప్పటి చీము వల్ల అయినదైతే అంచు నున్నగా మందంగా ఉంటుంది, పొర మీద సుద్ద ముక్క అంటినట్టు తెల్ల మచ్చలు ఉండొచ్చు. మీరు నాలుగో రోజు పోయారు, చీము పట్టింది కాబట్టి కొంత చెరిగిపోయి ఉంటుంది, అయినా ఆ రోజు ఎండోస్కోప్ ఫోటో తీసి ఉంటే అది అడిగి తెచ్చుకోండి. ఓపీ కాగితం మీద "గాలి కొట్టడం వల్ల" అని మీరు చెప్పినట్టు రాశారా లేదా కూడా చూడండి.

తర్వాత ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష. రెండు చెవులకూ చేయించాలి, గాలి ద్వారా వినడం, ఎముక ద్వారా వినడం రెండూ. ఎముక గీత మామూలుగా ఉండి గాలి గీత మాత్రమే పడిపోతే ఇబ్బంది పొర దగ్గరో మధ్య చెవిలోనో ఉన్నట్టు, రంధ్రంతో అది కుదురుతుంది. మిల్లు మోతతో పోయిన వినికిడి అయితే సాధారణంగా రెండు చెవుల్లోనూ, 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడినట్టు కనబడుతుంది. ఆరేళ్ళు మిల్లులో ఉన్నారు, అవతలివాళ్ళు ఆ మాట కూడా తెస్తారు. మీ కుడి చెవి బాగుండి ఎడమది ఒక్కటే తగ్గితే ఆ వాదన బలహీనపడుతుంది.

చిన్న చిరుగులు చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే పూడిపోతాయి. మీకు పూడలేదంటే చీము వల్ల ఆలస్యమైందా, ఆపరేషన్ కావాలా అని చూడాలి. ఆపరేషన్ ఖర్చు అంచనా కాగితం తీసుకోండి, వకీలుకు పనికొస్తుంది. మీ నానమ్మకు నా దండం పెట్టి చెప్పండి, చెవిలో నూనె వద్దని. వారానికి ఇద్దరైనా వస్తారు ఇట్లా. స్నానం చేసేటప్పుడు దూదికి వాసెలిన్ రాసి పెట్టుకోండి.

సార్టెక్స్ తమ్ముడు, మిర్యాలగూడ:

మేడమ్, వకీలు సార్, మస్తు థాంక్స్. ఈఎస్ఐ కట్ అయితది. జీతం 16,500, స్లిప్పులో 124 రూపాయలు పోతున్నయి. కానీ గుమాస్తా మాట విని ఈఎస్ఐ దవాఖానకు పోలే, యాక్సిడెంట్ రిపోర్టు కూడా పెట్టలే. నల్లగొండ ఓపీ కాగితం మీద "కంప్రెస్డ్ ఎయిర్" అని ఉంది, ఇప్పుడే చూసిన. ఇంకోటి, ఆ మరునాడు వాడు వాట్సాప్‌లో వాయిస్ పెట్టిండు: "చెవి ఎట్లున్నదిరా, అట్ల అయితదనుకోలేదురా, నువ్వు వద్దన్నా విననైతిని." అది ఫోన్‌లోనే ఉంది.

పాలమూరు వకీలు:

ఆ వాయిస్ బంగారం. "వద్దన్నా" అని వాడి నోటితోనే వచ్చింది, అనుమతి గొడవ సగం అక్కడే తేలింది. ఆర్‌ఎంపీ చిట్టీకి కూడా విరుగుడు అదే. దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేస్తూ కూర్చోకండి, ఫోన్ మార్చకండి, చాట్ తుడవకండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ పెట్టాలి, అది మీ వకీలు చూసుకుంటారు.

ఈఎస్ఐ మాత్రం పెద్ద ముడి. ఘటన జరిగినప్పుడు 1948 ఈఎస్ఐ చట్టమే నడుస్తోంది. దాని 53వ సెక్షన్ ప్రకారం పనిలో తగిలిన గాయానికి యజమాని మీద గానీ, యజమాని దగ్గర పనిచేసే ఇంకో మనిషి మీద గానీ వేరే చట్టం కింద నష్టపరిహారం అడగడానికి లేదు. ఇంకో మనిషి అంటే మీ తోటి ఆపరేటరే! చాలామంది వకీళ్ళు యజమాని వరకే చదివి ఆపేస్తారు. అందుకని "ఇది పని వల్ల వచ్చిన గాయం" అంటే ఈఎస్ఐ తలుపు తెరుచుకుంటుంది, జీతంలో 90 శాతం లెక్కన పనికి పోలేని రోజుల డబ్బు, వైద్యం, శాశ్వత లోపం ఉంటే దానికి వేరే. "ఇది పనికి సంబంధం లేని వాడి సొంత పరాచికం" అంటే సివిల్ దావా తలుపు. రెండు తలుపుల్లో రెండు కాళ్ళు పెట్టలేరు. పని వేళలో జరిగిన ప్రమాదం పని వల్లేనని, కాదని రుజువు లేనంతవరకు, అనుకోవాలని అదే చట్టంలో 51ఏ సెక్షన్ ఉంది, అవతలివాళ్ళు దాన్ని మీ మీదకే తిప్పొచ్చు. మీరు ఇంకా ఈఎస్ఐ నుంచి రూపాయి తీసుకోలేదు కాబట్టి ఏది లాభమో లెక్క వేసుకునే వీలుంది. అది వేసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, మిల్లువాళ్ళు తెచ్చే తెల్ల కాగితం మీద అసలే వద్దు.

మిల్లును కూడా కలపొచ్చా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఇంగ్లండులో 1957లో హడ్సన్ వర్సెస్ రిడ్జ్ అని, ఒకడు ఏళ్ళ తరబడి అందరినీ కాళ్ళడ్డం పెట్టి పడేస్తున్నాడని తెలిసీ ఊరుకున్న కంపెనీని బాధ్యురాలిని చేశారు. 2022లో చెల్ వర్సెస్ టార్మాక్ అని, క్వారీలో ఒకడు తోటివాడి చెవి పక్కన పేలుడు బిళ్ళలు పెట్టి సుత్తితో కొట్టాడు, చెవి పోయింది, అచ్చం మీ కథే, అక్కడ కంపెనీకి బాధ్యత లేదన్నారు. తేడా ఎక్కడంటే ముందే తెలుసా లేదా. మీరు గుమాస్తాకు రెండుసార్లు చెప్పానన్నారు, నోటిమాటగానా, మెసేజ్ ఉందా?

క్రిమినల్ వైపు వద్దన్నారు సరే, కానీ ఇది తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 116వ సెక్షన్ ప్రకారం ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోయినా, 15 రోజులు రోజూవారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయం. పాత చట్టంలో 20 రోజులు ఉండేది. మీవి 18 రోజులు. అవతలి వకీలు ఈ లెక్క చూస్తే రాజీకి తొందరగానే వస్తాడు. మీరు మాత్రం దాన్ని బెదిరింపుగా వాడకండి, వాట్సాప్‌లో అసలు రాయకండి.

డబ్బు లేదని ఆగకండి. ఫ్యాక్టరీ కార్మికుడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. మిర్యాలగూడ కోర్టు ప్రాంగణంలోనే అడగండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించి మాట్లాడించొచ్చు, అక్కడ రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అతనికి పిల్ల ఉందన్నారు కదా, వాయిదాల మీద కట్టేలా కూడా రాయించుకోవచ్చు.

లారీ అడ్డా:

వాయిస్ ఉంటే వేరే మాట. ముందే చెప్పొద్దా తమ్మీ. నేనన్న ఇరవై వేలకు మాత్రం తెంపుకోకు.

సార్టెక్స్ తమ్ముడు, మిర్యాలగూడ:

గుమాస్తాకు ఒకసారి నోటితో, ఒకసారి మెసేజ్. "ఈడు గన్ తోటి ఆడుతుండు సార్, ఒకసారి చెప్పుండ్రి" అని పెట్టిన, రెండు నీలం టిక్కులు ఉన్నయి, జవాబు లేదు. సోమవారం ఆడియోగ్రామ్‌కు నల్లగొండ పోతున్నా, బుధవారం కోర్టు దగ్గరికి. ఫోన్ స్క్రీన్ పగిలి ఉంది, మార్చుకుందామనుకున్న.

పాలమూరు వకీలు:

మార్చకు. టేపు అంటించుకో.